వాసెన కట్టిన జాడీ

ఆ ఆదివారం ఉపేందర్‌కి ఉన్న పని ఒక్కటే. నస్పూర్‌లో అన్న ఇంటికి వెళ్ళి, అమ్మ జాడీ తేవాలి. గోదావరిఖనిలోని తన క్వార్టర్లో తల్లి పూలమ్మ అప్పటికే మామిడికాయలు కొట్టించి, ముక్కలు తుడిచి బేసిన్లో పెట్టుకుని కూర్చుంది.

"ప్లాస్టిక్ డబ్బాల పెట్టుకోరాదే అమ్మా!"

"బూజు వడ్తది. నా జాడీ నాకు తెచ్చియ్యి. పొద్దు గూకేలోపు ముక్కలు కలపాలె, లేకుంటే ఖరాబైతయి. మీ అన్నకు మాత్రం చెప్పకు. నా సామాను తెచ్చుకునేదానికి వాన్ని అడుగుడేంది?"

అది కుమ్మరి సారె మీద చేత్తో చేసిన పింగాణీ జాడీ. కాస్త ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. లోపల చెయ్యి పెడితే చేసినవాడి వేళ్ళ గుర్తులు తగులుతాయి. అందులో పెట్టిన తొక్కు మళ్ళీ మామిళ్ళు వచ్చేదాకా రంగు మారదు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు అది అన్న ఇంట్లో ఉండిపోయింది. తండ్రి ఒంట్లో బాగోక బొగ్గుబాయి పని మానేస్తే ఆ ఉద్యోగం చిన్నవాడు ఉపేందర్‌కి దక్కింది. పెద్దవాడు రఘుపతి కాంట్రాక్టు పనిలోనే మిగిలిపోయాడు. తండ్రి చావుకి వచ్చి, తమ్ముడితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళినవాడు మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

నస్పూర్‌లో వదిన యమున తలుపు సగమే తీసింది. "ఆయన డ్యూటీల ఉన్నడు" అని లోపలికి పోయి జాడీ తెచ్చింది. "అడుగున నాలుగు ముక్కలున్నయి. అత్త పెట్టినయే. పారబొయ్యబుద్ధి కాలే." మూత ఎప్పుడో పగిలిందట. పాత ధోవతి చింపి మూతికి వాసెన కట్టింది.

"అన్న మంచిగున్నడా, వదినా?"

"ఉన్నడు" అంది. తలుపు మూసుకుంది.

ఉపేందర్ బస్సెక్కి జాడీని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. గడ్డం మాసి ఉంది. మనసంతా ఆ మూసిన తలుపు దగ్గరే ఉంది. పక్క సీటులోని ముసలాయన జాడీని చూసి చెప్పులు విప్పి దూరంగా జరిగాడు. అదెందుకో ఉపేందర్‌కి అర్థం కాలేదు. కాసేపటికి తన షిఫ్టులో పనిచేసే గట్టయ్య బస్సెక్కి, ఉపేందర్‌ని చూసి నిలువునా ఆగిపోయాడు.

"ఎవరిది తమ్మీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"అమ్మదే గట్టన్నా."

గట్టయ్య భుజం మీది కండువా చేతిలోకి తీసుకున్నాడు. తేరుకుని, "మరి... ఎప్పుడు?" అన్నాడు.

"ఇయ్యాల్నే. లేటైతే ఖరాబైతదంట."

"మీ అన్నకు చెప్పినవా?"

"చెప్పద్దని అమ్మనే అన్నది."

గట్టయ్య కండువాతో కళ్ళొత్తుకున్నాడు. వెనక సీట్లోకి పోయి వరసగా ఫోన్లు చేశాడు. బస్సు మోతలో ఉపేందర్‌కి ఒక్క మాటా వినపడలేదు. గోదావరి బ్రిడ్జి రాగానే అడక్కుండానే డ్రైవరు బస్సు ఆపాడు. కండక్టరు టోపీ తీశాడు. జనం చేతులు జోడించారు. గట్టయ్య జాడీని భక్తిగా ఎత్తుకుని దిగిపోయాడు. జాడీ వెంట ఉపేందర్ కూడా దిగక తప్పలేదు.

"గట్టన్నా, ఎటు?"

"నువ్వు ఏడ్వకు తమ్మీ. నేనున్న గద!"

ఉపేందర్ పరుగున ఒడ్డు చేరేసరికి గట్టయ్య మోకాలి లోతు నీళ్ళలో దిగి, వాసెన విప్పి, కళ్ళు మూసుకుని జాడీ వంచేశాడు. ఎర్రటి నూనె నీళ్ళ మీద పరుచుకుంది. నాలుగు ముక్కలూ మునిగిపోయాయి. ఎల్లిపాయ వాసన గుప్పుమంది. గట్టయ్య కళ్ళు తెరిచాడు.

"గిదేంది?"

"తొక్కు."

"మరి అమ్మ?"

"ఇంట్ల ముక్కలు ముంగట వెట్టుకొని కూసున్నది!"

గట్టయ్య నీళ్ళలోనే నిలబడి, ఎవరెవరికి ఫోన్ చేశాడో వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వేళ్ళు చాలలేదు.

ఆటోలో ఇల్లు చేరేసరికి షామియానా లేచింది. కుర్చీలు దిగాయి. పూలదండలతో వచ్చినవాళ్ళు వాటిని ఎక్కడ దాచాలో తెలియక వీపుల వెనక పట్టుకుని నిలబడ్డారు. నడిమధ్యన పూలమ్మ కూర్చుంది. ఆమె ఒళ్ళో తలపెట్టి రఘుపతి చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. తమ్ముణ్ణి చూడగానే లేచి కాలరు పట్టుకున్నాడు.

"అమ్మ సావుకు సుత పిలవవారా నన్ను?"

"అమ్మ సావలేదన్నా..."

"ఎరికే. బతికే ఉన్నది. గని నువ్వు నాకు చెప్పలేదని గట్టన్న అనంగనే నేను నమ్మినరా. ఒక్క పారి గూడ అనుమానం రాలే."

కాలరు మీది చెయ్యి దానంతటదే జారిపోయింది. నిజంగా అమ్మ పోతే అన్నకి ఫోన్ చేసేవాడినేనా అని ఉపేందర్ తనలో తను వెతుక్కున్నాడు. అవునని గట్టిగా అనలేకపోయాడు.

"ఏడ్సుడైంది గద" అంది పూలమ్మ. "ఇగ చేతులు కడుక్కోండ్రి. ముక్కలు ఎండుతున్నయి."

జాడీని కడిగి, బట్టతో తుడిచి, ఎండకి పెట్టారు. అది ఆరాక రఘుపతి కదలకుండా పట్టుకున్నాడు, ఉపేందర్ నూనె పోశాడు, తల్లి ముక్కలు అదిమింది. అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. నూనె ఎక్కువవుతున్నప్పుడు మాత్రం రఘుపతి "సాలు" అన్నాడు. ఉపేందర్ ఆపాడు.

డ్యూటీలు మానుకుని వచ్చిన జనాన్ని ఉత్త కడుపుతో పంపడం బాగుండదని అన్నం వండించి, బేసిన్లో మిగిలిన కొత్త తొక్కు వేసి పెట్టారు. అందరూ మారు పెట్టించుకుని మరీ తిన్నారు గానీ, బాగుందని ఒక్కరూ అనలేదు. చావుకని వచ్చిన ఇంట్లో ఆ మాట అనకూడదు.