గుబురుతోక షరతు

ఒక పెద్ద అడవిలో జంతువుల కంటే అర్జీలు ఎక్కువ. ఎండాకాలం వాగు ఎండి ఒక్క మడుగే మిగిలేసరికి, నీళ్ళు తాగాలంటే కచేరీ నుంచి ఉత్తరం తెచ్చుకోవాలని సింహం చాటింపు వేయించింది.

ఉత్తరాలు రాసే గుమస్తా కూర్మయ్య అనే తాబేలు. మహా నిదానస్తుడు. ఒక్కో ఉత్తరానికి ఒక పూట పట్టేది. నాలుకలు పిడచగట్టి జంతువులు గోల పెడితే, సింహం ఒక యంత్రం తెప్పించింది. ‘ఇలా ఉంటే ఈ ఉత్తరం, లేకుంటే ఆ ఉత్తరం’ అని అందులో షరతు ఎక్కిస్తే చాలు. అర్జీ పడగానే రాజముద్రతో సహా ఉత్తరం బయటికొచ్చేస్తుంది.

కార్యదర్శి నక్క పరుగున వచ్చింది.

“కూర్మయ్యా, రాసుకో. గుబురుతోక ఉంటే నీళ్ళు. లేకుంటే లేవు.”

“అయ్యా, నాకు అసలు తోకే అంతంతమాత్రం. ఇంట్లో పిల్లలు...”

“నీ సంగతి తర్వాత చూద్దాంలే!”

కూర్మయ్య ఎండిన నోటితోనే షరతు ఎక్కించాడు.

మర్నాడు ఉడతలూ ముంగిసలూ తోకలెత్తుకుని మడుగు చుట్టూ మూగాయి. నక్కకి మూతి పెట్టే సందు దొరకలేదు. మండిపడుతూ వచ్చింది.

“ఇంకో ముక్క తగిలించు. గుబురుతోక ఉండి, దాని చివర నల్లగా కూడా ఉంటేనే నీళ్ళు.”

అలాంటి తోక అడవి మొత్తానికి ఒక్కటే. అది కూర్మయ్య ముక్కు ముందే ఊగుతోంది.

“మరి లేనివాళ్ళకి ఏం రాయమంటారు?”

“మళ్ళీ గుమ్మం తొక్కకుండా రాయి. ‘నీవు ఈ అడవి జంతువు కావు. మూడు రోజుల్లో ఖాళీ చెయ్యి.’”

“రాజుగారి తోకకి చివర కుచ్చే గానీ తోక గుబురు కాదు. వారికి మినహాయింపు పెట్టమంటారా?”

“అధికప్రసంగం! రాజుగారు అర్జీ పెట్టుకుంటారటయ్యా?”

సాయంత్రానికల్లా అర్జీ పెట్టినవాళ్ళందరికీ అదే ఉత్తరం చేరింది. ఏమీ ఎరగని సింహానికి అప్పుడే ప్రజలకి ఆదర్శంగా ఉండాలనే బుద్ధి పుట్టింది. అందరి ఎదుటా అర్జీ వేసి, వచ్చిన ఉత్తరాన్ని గట్టిగా చదివింది.

“నీవు ఈ అడవి జంతువు కావు. మూడు రోజుల్లో ఖాళీ చెయ్యి. ఇట్లు, మృగరాజు.”

“తప్పు గుమస్తాది ప్రభూ!” అని అరిచింది నక్క.

కూర్మయ్య తల డొప్పలోకి దూరిపోయింది. ‘ఇక్కడే కూర్చుంటే ఈ డొప్పలోనే ఉడకబెడతారు’ అనుకుని మళ్ళీ బయటపెట్టాడు. షరతు చదివి వినిపించాడు. కళ్ళన్నీ నక్క తోక మీదికి తిరిగాయి.

“రద్దు చేసేద్దామా?” అంది సింహం.

“రాజముద్ర పడింది ప్రభూ!” అంటూ అడ్డుపడింది నక్క. “వెనక్కి తీసుకుంటే తమ మాటకి విలువేముంటుంది?”

“అంటే ఈ అడవిలో ఉండదగ్గదానివి నువ్వొక్కదానివేనా?”

“షరతు అలా అంటోంది మరి,” అంది నక్క వినయంగా.

కూర్మయ్య గొంతు సవరించుకున్నాడు.

“ముద్ర జోలికి పోనక్కర్లేదు ప్రభూ. ఆ తోక చివరి నల్లవెంట్రుకలు తీసేస్తే అందరం పరాయివాళ్ళమే. అందరూ పరాయివాళ్ళయ్యాక నీళ్ళు ఆపేదెవరు, ఖాళీ చేయించేదెవరు?”

సింహం మీసం దువ్వింది. రెండు ఎలుకలు నక్క తోకని నున్నగా కొరికేశాయి. దాని చేత కూడా అర్జీ వేయించారు. దానికీ అదే ఉత్తరం వచ్చింది.

మర్నాడు వెళ్ళగొట్టిన జంతువులన్నీ రాజు పక్కనే నిలబడి కడుపునిండా నీళ్ళు తాగాయి. కూర్మయ్య పిల్లలతో వచ్చి, తన అలవాటు ప్రకారం ఒక పూటంతా తాగాడు.

నీతి: అందరికీ ఒకే న్యాయం జరగాలంటే చట్టం మార్చనక్కర్లేదు, రాయించినవాడి తోక కత్తిరిస్తే చాలు.