రెండో పాఠకురాలు

జూలై పద్నాలుగు, సోమవారం పొద్దున్న భాస్కరమూర్తి చెరుకు పానకం నంజుకుని దిబ్బరొట్టె తిని చెయ్యి కడుక్కుంటుండగా మున్సిపాలిటీ వాళ్లు ఇచ్చి వెళ్లిన కొత్త పుస్తకపలకలో, మూడేళ్ల కిందట చనిపోయిన ఆయన భార్య హైమావతి రెండో పాఠకురాలిగా ఉంది. ఆయన తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని వచ్చేలోగా పన్నెండు పేజీలు చదివేసింది కూడా.

ఇందులో పొరపాటేమీ లేదు. ఇంటింటికీ పఠనం అనే పథకం కింద రేషన్ కార్డుకో పలక ఇస్తున్నారు. కార్డులో ఎన్ని పేర్లుంటే అంతమంది పాఠకులు. హైమావతి పేరు తీయించమని మూర్తికి చాలామంది చెప్పారు. ఆయన రెండుసార్లు అర్జీ రాసుకుని వార్డు ఆఫీసు దాకా వెళ్లాడు. రెండుసార్లూ లైను పెద్దగా ఉందని తనకు తానే చెప్పుకుని తిరిగొచ్చాడు. రెండోసారి లైనులో ఉన్నది ఒక్క మనిషే. ఊళ్లో సగం కార్డుల్లో ఇలా తీయించని పేర్లున్నాయి. పలకలు ఇళ్లకు చేరగానే ఆ పేర్లవాళ్లంతా చదవడం మొదలుపెట్టారు.

మూర్తి తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. కొత్త వస్తువు ఏది ఇంటికొచ్చినా ముందు తూచి చూస్తాడు. పెట్టె మీద రెండువందల గ్రాములని ఉంది, పలక రెండువందల ఆరు తూగింది. తక్కువైతే కేసు గాని ఎక్కువైతే ఫరవాలేదు. అంచులు గుండ్రంగా ఉన్నాయి, పడుకుని చదివితే వేళ్లకు గుచ్చుకోవు. తెర అద్దంలా మెరవదు, మంచి కాగితంలా ఉంటుంది. వరండాలో ఎండలో కూర్చున్నా అక్షరం చెదరదు. పేజీ తిరిగేటప్పుడు ఒక్కసారి నల్లబడి తేరుకుంటుంది. మొదటి రోజు దానికి కంగారుపడ్డాడు, రెండో రోజుకు అలవాటైంది. చార్జింగు తీగ మాత్రం జానెడే. ప్లగ్గు వంటింట్లో ఉంది కనుక పలకను పోపులపెట్టె మీద పెట్టాలి. ఒకసారి చార్జి చేస్తే ఇరవై రోజులు వస్తుందన్నారు. పది రోజులే వచ్చింది. చదివేది ఇద్దరు కాబట్టి ఆయన కంప్లయింటు ఇవ్వలేదు.

లోపల నాలుగువందల పుస్తకాలు వేసి ఇచ్చారు. అందులో అరవై దాకా మున్సిపల్ నిబంధనలే. అక్షరాలకు తొమ్మిది సైజులున్నాయి. ఏడో సైజులో కళ్లజోడు అక్కర్లేదు. ఎక్కడో ఒక గదిలో కూర్చుని ఎవరో ముసలివాళ్ల కళ్ల గురించి ఆలోచించారు కదా అని మూర్తికి ఆ తెలియని మనిషి మీద కృతజ్ఞత కలిగింది. తెర పైన మూల చిన్న గడిలో లెక్క కనిపిస్తూ ఉంటుంది. మొదటి వారం చివర మొదటి పాఠకుడు: 31. రెండో పాఠకురాలు: 288.

పలకలో ఏమీ రాయడానికి వీల్లేదు. నచ్చిన వాక్యం కింద గీత గీసుకోవచ్చు. ఇంట్లో ఒకరు గీసింది రెండోవాళ్లకు కనిపిస్తుంది. హైమావతి ఈ సౌకర్యాన్ని మూర్తి కంటే ముందే అర్థం చేసుకుంది. గురువారం మధ్యాహ్నం మూడింటికి ఒక డిటెక్టివ్ నవలలో ‘వాన ముంచుకొస్తోంది, మేడ మీద బట్టలున్నాయి’ అన్న వాక్యం కింద గీత పడింది. మూర్తి మేడెక్కి రెండు లుంగీలూ దుప్పటీ తీసి మెట్లు దిగుతుండగా చినుకులు మొదలయ్యాయి. శుక్రవారం పిల్లల కథల్లో ‘మందు మింగావా నాన్నా?’ అన్న వాక్యం కింద పడింది. ముప్పైఎనిమిదేళ్ల కాపురంలో ఆమె ఆయన్ని ‘మీరు’ తప్ప మరో మాట అనలేదు. పుస్తకాల్లో దొరికినదాంతో సరిపెట్టుకోవాలి కాబట్టి ఇప్పుడు ‘నువ్వు’ అంటోంది. ఆయనకు బాగానే ఉంది.

మందు వేసుకుని, ఆ సంగతి చెప్పడానికి ఆయనకు రెండు గంటలు పట్టింది. చివరికి ఒక పాము కథలో ‘ఇప్పుడే కప్పను మింగాను’ అని పాము చెప్పే చోట దొరికింది. కప్పను వదిలేసి మిగతాదాని కింద గీశాడు. ఆమెకు అర్థమైంది.

పక్కింటి నూకరాజుది సైకిళ్ల షాపు. సాయంత్రం ప్రహరీ గోడ మీద మోచేతులానించి మాట్లాడటం అతని అలవాటు.

“మీ పలకలో ఎవరండీ?” అన్నాడు.

“మా ఆవిడ.”

“అదృష్టవంతులండి. మా దాంట్లో మా నాన్నండి. బతికుండగా సినిమా పోస్టరు కూడా కూడబలుక్కుని చదివేవోడు. ఇప్పుడు రాత్రీ పగలూ ఆ మున్సిపల్ రూల్సే. నిన్న మన ఈ గోడ అడుగున్నర రోడ్డు మీదికొచ్చిందని గీత గీసి చూపించేడండి.”

“వచ్చిందా?”

“వచ్చిందనుకోండి. అది ఇంట్లోవోడే చెప్పాలంటారా?”

ఆగస్టు పదకొండున వార్డు ఆఫీసు నుంచి దేవీకుమారి వచ్చింది. పాతికేళ్ల పిల్ల. అరవై ఇళ్లు తిరిగి వచ్చింది కాబట్టి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే టాబ్ తెరిచింది.

“మేడమ్ గారు ఉన్నారాండీ?”

“చనిపోయిందమ్మా. మూడేళ్లయింది.”

“అది కాదండి సార్. చదువుతున్నారా అని.”

“చదువుతోంది.”

“అయితే ఉన్నారని పెట్టేస్తానండి.” పెట్టింది. మూర్తి ఇచ్చిన టీ తీసుకుని కుర్చీ అంచున కూర్చుంది. “కొత్త సర్క్యులర్ వచ్చిందండి. పలకకి ఇకనించి ఒక్కరే పాఠకులు. సర్వరు మొయ్యలేకపోతోందంట. పదిహేనో తారీకు నించి ముప్పై ఒకటి సాయంత్రం అయిదింటి దాకా ఎవరు ఎక్కువ పేజీలు చదివితే వాళ్లుంటారండి. తక్కువ చదివినవాళ్ల పేరు కొట్టేస్తారు.”

“పలకలోంచా?”

“పలకలోంచి, కార్డులోంచి, అన్నిట్లోంచీనండి. కార్డులో పేరు పోతే మరణ పత్రం దానంతటదే వచ్చేస్తుందండి. ఇదివరకు దానికి మేం ఎన్నిసార్లు తిరిగేవోళ్లమో. ఇప్పుడు హాయి.”

“ఇద్దరూ చదవకపోతే?”

“పలక వెనక్కి తీసేసుకుంటామండి. వాడనోళ్లకెందుకు?”

టీ తాగి, ఆమె కప్పు తనే కడిగి బోర్లించి వెళ్లింది. అంత హడావుడిలోనూ కప్పు కడిగిందని మూర్తి ఆ సాయంత్రమంతా అనుకున్నాడు.

ఏం చెయ్యాలన్నది ఆయనకు పెద్దగా ఆలోచించాల్సిన విషయంగా కనిపించలేదు. పద్నాలుగో తారీకున వీధి కుళాయిల నిర్వహణ నిబంధనలు అనే పుస్తకం ఆరో పేజీలో ఉన్నాడు. అక్కడితో ఆగిపోయాడు. ఆమె రోజుకు నలభై పేజీలు చదువుతుంది. తను ముట్టుకోకపోతే చాలు.

పదిహేనున జెండా వందనానికి వెళ్లి, అక్కడిచ్చిన చాక్లెట్ జేబులో వేసుకుని ఇంటికొచ్చి చూస్తే గడిలో పాత లెక్క పోయి రెండు సున్నాలున్నాయి. పదహారున కూడా రెండు సున్నాలే. పద్ధెనిమిదికి ఆయనకు బోధపడింది. దేవీకుమారి మాట్లాడింది వరండాలో. పలక అప్పుడు పక్కనే బల్ల మీద ఉంది. హైమావతి అంతా వినే ఉంటుంది, విని చదవడం మానేసింది. ఇదివరకు భోజనాల దగ్గర కూడా ఇంతే. ఆఖరి వడియం ఒకటి మిగిలితే ‘మీరు వేసుకోండి’ అని ఆవిడ, ‘నువ్వు తిను’ అని ఈయన, అది పళ్లెంలోనే మెత్తబడి పోయేది.

చెప్పి ఒప్పించాలంటే వాక్యం కావాలి. వెతకాలంటే పేజీ తిప్పాలి. ఒక్క పేజీ తిప్పితే ఒకటికి సున్నాగా ఆయన గెలుస్తాడు, హైమావతి పోతుంది. కనుక ఆయనకున్నవి వీధి కుళాయిల పుస్తకం ఆరో పేజీలోని పదకొండు వాక్యాలు. ఆమెకు నవలలో తను ఆగిన పేజీ. అందులో ఒక డిటెక్టివు చీకటి గోడౌన్లో దొంగ అనుచరుణ్ణి పట్టుకుని ప్రశ్నిస్తున్నాడు.

మూర్తి మూడు రోజులు పదకొండు వాక్యాలూ చదువుకుని, ‘ముందున్నవారు పక్కకు తప్పుకొని వెనుక ఉన్నవారికి అవకాశము ఈయవలెను’ అన్నదాని కింద గీశాడు.

సాయంత్రానికి జవాబొచ్చింది. ‘ఈ కబుర్లు నా దగ్గర చెల్లవు.’

‘బిందె నిండువరకు పంపు వదలి వెళ్లరాదు’ అన్నదాని కింద గీశాడు.

‘నీ ప్రాణాల మీద నీకు ఆశ లేదా?’ అని వచ్చింది. డిటెక్టివు అడిగిన ప్రశ్నే. కాని మూర్తికి ఆ ప్రశ్న ఎవరిదో తెలుసు. ఆ రోజు మజ్జిగన్నం తిని ఊరుకున్నాడు.

ఇరవై ఎనిమిదికి కూడా సున్నాలు కదల్లేదు. ముప్పైయవ తారీకున వీధి చివర నుంచి పలకలు వెనక్కి తీసుకునే ఆటో మైకులో చెప్పుకుంటూ వెళ్లింది. మూర్తి పలక చేతిలోకి తీసుకున్నాడు. వాడుకోనందుకు ఆమెను పట్టుకుపోతారు. ఆరో పేజీలో అన్నిటికంటే కింద, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని ఆయన అప్పటిదాకా పట్టించుకోలేదు. ‘ఒకరు పట్టిన నీరు కుటుంబ సభ్యులందరు వాడుకొనవచ్చును.’ దాని కింద గీత గీశాడు. ఒకసారి సరిపోదనిపించి, అదే గీత మీద మళ్లీ గీశాడు.

ముప్పై ఒకటి, ఆదివారం. మధ్యాహ్నం వరకు ఏమీ లేదు. నాలుగు దాటింది. ఆయన పలకకు ఎదురుగా కుర్చీ వేసుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగూ నలభైకి గోడౌన్ పేజీ అడుగున, డిటెక్టివు తన సహాయకుడితో అనే మాట కింద నెమ్మదిగా గీత పడింది. ‘సరే, నువ్వు నా వెనకే రా. చప్పుడు చెయ్యకు.’

తెర ఒక్కసారి నల్లబడి తేరుకుంది. రెండో పాఠకురాలు: 1. మూర్తి అప్పుడు లేచి మంచినీళ్లు తాగాడు.

సెప్టెంబరు రెండున దేవీకుమారి కవరు తెచ్చింది.

“పేరు, తండ్రి పేరు, తారీకు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి సార్. తర్వాత మార్పించాలంటే మనిషి స్వయంగా రావాలండి.”

మూర్తి చూశాడు. తప్పుల్లేవు. అచ్చు చక్కగా ఉంది, ఇంటి పేరు కూడా కుదించకుండా పూర్తిగా వేశారు.

“ఇక్కడ సంతకమండి. పత్రం తీసుకున్నవారికి మృతునితో సంబంధం అని ఒక గడుంది. ఏం రాయమంటారు?”

“స్వయంగా అని రాయొచ్చామ్మా?”

“అందరూ అదే రాయిస్తున్నారండి.”

సాయంత్రం నూకరాజు గోడ మీదికి వంగాడు. “పోయారంట కదండీ?”

“అవునయ్యా. ముప్పై ఒకటిన.”

“మా ఇంట్లోనూ మా నాన్నే నెగ్గేడండి. మూడువందల పేజీలు. నేను షాపు చూసుకోవాలా, చదవాలా? పోనీలెండి, ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నారు గదా. మా ఆవిడ మజ్జిగపులుసు పెట్టింది, గిన్నెతో పంపిస్తాను.”

మజ్జిగపులుసు బాగుంది. పింఛను హైమావతి పేరుకు మారింది. ఆమె బతికున్నట్టు ఏటేటా ఇవ్వాల్సిన ధ్రువపత్రానికి బదులు చదివిన పేజీల సంఖ్య సరిపోతుందని ఉత్తరం వచ్చింది. కరెంటు బిల్లు, గ్యాసు, ఓటరు స్లిప్పు ఆమె పేరుతోనే వస్తున్నాయి. మూర్తి పేరున ఇంటికి ఏమీ రావడం లేదు. వీధిలో వాళ్లు కనిపిస్తే మునుపటిలాగే తలూపుతున్నారు. వాళ్లలోనూ కార్డులో ఉన్నవాళ్లు తక్కువే. అంతకు ముందు మూడేళ్లూ తన పేరు అన్ని జాబితాల్లోనూ ఉందని మూర్తికి గుర్తుంది. ఆ జాబితాల్లో ఒక్కటి కూడా తిన్నావా అని అడగలేదు.

పేరు తీసేసిన పాఠకులు పేజీ తిప్పకూడదు, గీతలు గీయకూడదు. చూడవచ్చు. ఆ మాత్రం ఉంచినందుకు ఆయన మనసులోనే ఆ సర్క్యులర్ రాసినవాళ్లకు దండం పెట్టుకున్నాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం దీపం పెట్టాక పలక బల్ల మీద నిలబెట్టి ఎదురుగా కూర్చుంటాడు. హైమావతి చదువుతుంది. ఆమెది వేగం, ఆయనది నిదానం. అయినా ఆయన ఆఖరి వాక్యం ఆఖరి మాట చేరేదాకా పేజీ తిరగదు. తెల్లవార్లూ చదివే మనిషి తన కోసం నెమ్మదించిందని ఆయనకు తెలుస్తూనే ఉంటుంది. ఆ నవలలో డిటెక్టివూ సహాయకుడూ గోడౌన్ దాటి రేవులో పడవెక్కారు.

ఒక రాత్రి తొమ్మిదింటికి ఆ అధ్యాయం పూర్తయింది. పేజీ ఇక తిరగలేదు. మూర్తి కుర్చీలోంచి లేవలేదు. హైమావతి ఉన్న రోజుల్లోలాగే, ఎవరో లోపలి నుంచి వీధి తలుపు మెల్లగా దగ్గరికి వేసి గడియ పెట్టారు.