బడి తెరిచేదాకా నిశ్చితార్థం

వేసవి సెలవులు మొదలైన మొదటి సోమవారం పొద్దున బుర్మాకాన్ ఒక గట్టి నిర్ణయం తీసుకుంది. ఇవాళ ఇద్దరికి మాత్రమే వండాలి. ఏడాదిలో తొమ్మిది నెలలు బడి వంటశాలలో పెద్ద పెద్ద గుండిగల ముందు నిలబడే మనిషికి, ఇంట్లో తనకూ కొడుక్కూ సరిపడా వండటం చేతకాని విద్య. చిటికెడు ఉప్పు వేద్దామన్నా చెయ్యి గుప్పెడు దగ్గరే ఆగుతుంది. మధ్యాహ్నానికల్లా పొయ్యి మీద చిన్నపాటి పెళ్లికి సరిపడా పలావు ఉడికింది, పక్కన పిండి ముక్కలు నూనెలో పొంగి బుట్టెడు బోర్సోకులయ్యాయి. వ్యాను నడుపుకునే కొడుకు కుబాన్ భోజనానికి వచ్చి, మూత తీసి చూశాడు.

"అమ్మా, చుట్టాలెవరైనా వస్తున్నారా?"

"నోర్మూసుకుని తిను."

నిజం చెప్పాలంటే తప్పంతా చేతిది కాదు. బడి ఆఖరి రోజున మూడో తరగతి అయ్చురెక్ గిన్నె ఇచ్చేసి కూడా వంటింటి కిటికీ దగ్గరే నిలబడింది. "రేపట్నుంచి పాఠాలుండవు సరే, వంట ఉంటుందా నానమ్మా?" అని అడిగింది. ఉండదే తల్లీ అంటే, "తమ్ముళ్లకి చెప్పాలి, అందుకని" అని చెప్పి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు, అలగలేదు. అందుకే బుర్మాకాన్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అయ్చురెక్ తల్లి జిపార్ పక్క సందులోనే ఉంటుంది. మొగుడు ఇళ్లు కట్టే పని కోసం రష్యా వెళ్లాడు, చలికాలం నుంచి ఫోను లేదు. ఇంట్లో గింజ లేకపోయినా జిపార్ అభిమానానికి మాత్రం కరువు లేదు. పంచాయతీ మనిషి పిండి బస్తా తెచ్చి గుమ్మంలో దించితే, "వీధిలో బీదవాళ్లెవరైనా ఉంటే ఇచ్చుకోండి" అని తలుపు గడియ పెట్టుకుంది. ఆ బస్తాను రెండు రోజులు ఊరి కోళ్లు పొడుచుకు తిన్నాయి.

అయితే ఎంతటి అభిమానవంతులైనా కాదనలేనిది ఒకటుంది. అది కేషిక్. విందుకు వెళ్లినవాళ్లు తిన్నది తినగా మిగిలిన మాంసం, బోర్సోకులు, మిఠాయిలు సంచిలో కట్టుకొచ్చి ఇరుగుపొరుగు పిల్లలకు పంచుతారు. అది దానం కాదు, విందు చేసినవాళ్ల దీవెన. వద్దంటే వాళ్ల శుభాన్నే వద్దన్నట్టు. బుర్మాకాన్ సంచి నింపి, మూతి ముడేసి, జిపార్ గుమ్మమెక్కింది.

"మా ఆడపడుచు ఊళ్లో ఉయ్యాల విందే. కేషిక్ ఇంతిచ్చి పంపారు. మేమిద్దరం ఎంతని తింటాం? పిల్లలకి పెట్టు."

జిపార్ సంచి అందుకుంది. "ఇంకా వేడిగా ఉందే పిన్నీ!"

"మా వాడు ఇంజను మీద పెట్టుకొచ్చాడు."

దారి దొరికింది. ఇక బుర్మాకాన్ చుట్టాలకు శుభకార్యాలే శుభకార్యాలు. ఒకరింట తొలి అడుగుల విందు, ఇంకొకరింట కొత్త ఇంటి విందు, ఎన్నడూ లేని మేనమామకు అరవయ్యో పుట్టినరోజు. పెరట్లో ఉన్న రెండు గొర్రెల్లో ఒకటి కేషిక్ అయిపోయింది. అయ్చురెక్ బుగ్గల్లో కాస్త రంగు తేలింది. బుర్మాకాన్ తనంత తెలివిగలది ఈ జిల్లాలో లేదనుకుంది. అబద్ధానికి కాళ్లుండవంటారు గానీ, ఆడినవాళ్లకు కాస్త జ్ఞాపకశక్తైనా ఉండాలి. ఆవిడకు అదీ లేదు.

"ఇవాళ మా మరిది మనవడి సున్తీ విందు" అంది ఒక రోజు.

జిపార్ వింతగా చూసింది. "ఆ పిల్లాడికి పోయిన వారమే అయిందన్నావుగా పిన్నీ! మళ్లీనా?"

బుర్మాకాన్ సంచి ముడి సవరించింది. "అది కాదే... ఇది... ఇది నిశ్చితార్థం."

"ఎవరిది?"

ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తుంటే లేని చుట్టాన్ని పుట్టించడం కష్టం. నోటికి అందిన పేరు ఒక్కటే. "మా కుబాన్‌ది."

"పిల్లకి కమ్మలు పెట్టొచ్చారా!" జిపార్ ఆవిడను వాటేసుకుని గిరగిరా తిప్పింది. బుర్మాకాన్ ఇల్లు చేరేసరికి వార్త ఆవిడకంటే ముందే చేరి, గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. వార్త పేరు తుర్సునాయ్. ఎదురింటి పెద్దామె.

"ఏమే బుర్మాకాన్, నేను చచ్చాననుకున్నావా? కొడుక్కి పిల్లని కుదుర్చుకుని, చెవులకి కమ్మలు పెట్టొచ్చి, ఎదురింటిదానికి ఒక్క ముక్క చెప్పవా?"

"అంతా తొందర్లో జరిగిపోయిందక్కా..."

"చెప్పకపోతే పోయావ్. జిపార్ ఇంటికి సంచి వెళ్లిందట! నా గుమ్మానికి ఏం తెగులొచ్చింది? ఒక్క సంచి! ఒక్క బోర్సోకు!" కేషిక్ రానందుకు తుర్సునాయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్యాద కోసం మనిషి ఇంతగా విలవిల్లాడుతుందా అని బుర్మాకాన్ ఆశ్చర్యపోయింది.

చీకటి పడే వేళకు కుబాన్ వ్యాను ఆపి లోపలికొచ్చాడు. మధ్యాహ్నం నుంచీ వ్యాను ఎక్కిన ప్రతి ముసలమ్మా అతని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

"అమ్మా, నాకు పెళ్లి కుదిరిందట."

"ఊఁ."

"ఎవరితో?"

"అదింకా చూడలేదు."

జరిగిందంతా విన్నాక కుబాన్ తల గోక్కున్నాడు. "పోనీ, నిజం చెప్పేస్తే?"

"ఏమని చెప్పనురా? నీ పిల్లలు పస్తులుంటున్నారని జాలిపడి వండిపెట్టాను అనా? ఆ పూటతోనే జిపార్ తలుపు మూసేస్తుంది. తర్వాత ఆ పిల్లలేం తింటారు, నీ నిజాన్నా?"

కుబాన్ పళ్లెం ముందుకు లాక్కున్నాడు. "పిల్ల బాగుంటుందా?" అని మాత్రం అడిగాడు.

వీధి ఊరుకోలేదు. పిలవకపోతే మేమే వస్తాం, ఆదివారం అందరం చేరి దీవిస్తాం అని కబురు పంపింది. శుభకార్యానికి వట్టి చేతులతో వచ్చే అలవాటు ఎవరికీ లేదు. కాబట్టి ఆదివారం పొద్దున్నుంచే పాల బిందెలు, బంగాళాదుంపలు, జామ్ సీసాలు, ఒక బతికున్న గొర్రె వరసగా బుర్మాకాన్ ఇంటికి నడిచొచ్చాయి. జిపార్ తెల్లవారకముందే ముగ్గురు పిల్లలతో వచ్చి అంగీ చేతులు పైకి మడుచుకుంది. "మీ ఇంటి శుభాలన్నీ తిన్నాం. ఇవాళ పిండి నేను కలపాలి పిన్నీ." పని చేసిన చోట తినడానికి ఆమె అభిమానం అడ్డు రాలేదు. పిల్లలు బల్ల ముందు కూర్చుని, ఎవరూ చూడటం లేదనుకుని రెండు చేతులతో తిన్నారు. బుర్మాకాన్‌కు ఆ కాసేపు కడుపు నిండిపోయింది.

అంతలో దీవెన చదవాల్సిన ముసలాయన గడ్డం సవరించుకున్నాడు. "పిల్ల పేరేంటమ్మా?"

"గుల్‌జాన్" అంది బుర్మాకాన్.

"ఆసెల్" అన్నాడు కుబాన్, అదే క్షణాన.

బల్ల చుట్టూ కప్పులు ఆగిపోయాయి. "ఒకటి అసలు పేరు, ఒకటి ముద్దు పేరు" అంది బుర్మాకాన్.

"ముద్దు పేరేది?" అన్నాడు ముసలాయన. ఆయన ఏదైనా మొదలుపెడితే సగంలో వదిలే రకం కాదు.

"ముద్దొచ్చినప్పుడు పిలిచేది" అన్నాడు కుబాన్. ఆడవాళ్లు పకపకా నవ్వారు. గండం గడిచిందనుకునేలోపు తుర్సునాయ్ ముందుకు జరిగింది.

"ఇంతకీ పిల్ల ఏదీ? పెళ్లికూతురు లేకుండా దీవెన ఎవరికి?"

"రాలేదక్కా. పైన మేత కొండల్లో ఉంది, గొర్రెలతో. సోన్‌కుల్ సరస్సు పక్కన."

"సోన్‌కుల్ పక్కనా? మా తమ్ముడు అక్కడే డేరా వేసుకున్నాడుగా! అక్కడ డేరాలెన్నని, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉండు, ఈ వేళకి సిగ్నల్ కోసం గుట్టెక్కుతాడు. అడిగొస్తా." ఫోను పట్టుకుని చకచకా పెరట్లోకి వెళ్లింది.

బుర్మాకాన్ చేతిలోని గరిటె బల్ల మీద పెట్టేసింది. జిపార్ వైపు చూడలేక బల్ల చివరికి చూసింది. అక్కడ తుర్సునాయ్ మనవలు నలుగురు కూర్చున్నారు. కూతురు పిల్లల్ని వదిలి మాస్కోలో పనికి పోయింది. డబ్బుకు కొదవ లేదని తుర్సునాయ్ వీధంతా చెబుతుంది. చిన్నవాడు బోర్సోకులు జేబుల్లో కుక్కుకుని, జేబులు నిండాక మేజోళ్లలో దోపుకుంటున్నాడు. పెద్దది వాడి చెవిలో, "అన్నీ తినెయ్యకు. అమ్మమ్మ నిన్న కూడా ఆకలి లేదంది" అంటోంది.

బుర్మాకాన్‌కు సిగ్గేసింది. ఆ నలుగురికీ బడిలో తన చేత్తోనే వడ్డించింది. ఎప్పుడూ మారు అడిగేవాళ్లు. పక్క సందులో ఆకలి కనపడిందిగానీ, ఎదురుగుమ్మంలోది కనపడలేదు. తుర్సునాయ్ ఏడ్చింది మర్యాద కోసం కాదు.

పెరటి తలుపు తెరుచుకుంది. తుర్సునాయ్ ముఖం చూడగానే బుర్మాకాన్‌కు అర్థమైంది, సోన్‌కుల్ పక్కన గుల్‌జానూ లేదు, ఆసెలూ లేదు. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. తుర్సునాయ్ బుర్మాకాన్‌ను చూసింది. పిండి చేతులతో నిలబడ్డ జిపార్‌ను చూసింది. ఉబ్బిన మేజోళ్లతో కూర్చున్న మనవణ్ణి చాలాసేపు చూసింది.

"మాట్లాడాను" అంది గొంతు సవరించుకుని. "పిల్ల బంగారం. మా తమ్ముడు కళ్లారా చూశాడు."

"నిజంగానా!" అంటూ కుబాన్ లేచి నిలబడ్డాడు.

"కూర్చోరా. కానీ పిల్ల తరఫువాళ్లు ఒక మాటన్నారు. మందలు కొండ దిగేదాకా, అంటే మన బడి తెరిచేదాకా, పెళ్లి మాటెత్తొద్దట. ఈలోపు పెళ్లివారింట్లో పొయ్యి ఆరకూడదట. వీధి పిల్లలందరికీ రోజూ మధ్యాహ్నం ఇక్కడే పెట్టాలట. ఇంటింటివాళ్లూ తలో ఇంత తేవాలట. వాళ్ల వంశాచారం."

"ఇలాంటి ఆచారం నేనెక్కడా వినలేదే!" అన్నాడు ముసలాయన.

"కొండ మీది ఆచారం కింద కూర్చున్నవాడికి ఎలా వినపడుతుంది? దీవెన చదువు."

ఆయన చదివాడు. అందరూ అరచేతులు ముఖానికి అద్దుకున్నారు. ఆ సందట్లో తుర్సునాయ్ బుర్మాకాన్ పక్కన కూలబడి మోచేత్తో పొడిచింది. "ఇంకోసారి అబద్ధమాడాలంటే నన్నడుగు. నీకసలు చేతకాదు."

"అక్కా, నువ్వు కూడా కాస్త తిను" అని బుర్మాకాన్ పళ్లెం నిండా పలావు పెట్టింది. ఆకలి లేదని తుర్సునాయ్ అనలేదు.

ఆ వేసవంతా ఆచారం నిష్ఠగా సాగింది. రోజూ పొద్దున జిపార్ పిండి కలిపేది, తుర్సునాయ్ కొండ మీది కబుర్లు చెప్పేది, మధ్యాహ్నానికి వీధి పిల్లలందరూ బల్ల చుట్టూ చేరేవాళ్లు. బుర్మాకాన్ చెయ్యి ఇక ఎక్కడా తడబడలేదు, ఆవిడకు తెలిసిన కొలత అదే. కబుర్లలో పిల్ల రోజు రోజుకీ అందగత్తె అయింది. ఆగస్టుకు ఆమె పాట కూడా పాడుతోంది. భోజనానికి వచ్చిన కుబాన్ ఆ కబుర్లు మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు.

బడి తెరిచే ముందురోజు, మందలు కొండ దిగాయి గానీ సంబంధం తప్పిపోయిందని తుర్సునాయ్ ప్రకటించింది. వీధంతా అయ్యో అంది. పిల్లలు మర్నాటి వంట గురించి అడిగి, బడిలో ఉంటుందని తెలుసుకుని ఆడుకోవడానికి పోయారు. కుబాన్ మాత్రం, ఒక్కసారైనా చూడని పిల్ల తనను కాదందని, ఎంత బతిమాలినా ముద్ద ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ ఆదివారం తర్వాత ఆ వీధిలో పస్తు పడుకున్నది అతనొక్కడే.