ఆకుపచ్చ జ్వరం

జ్వరం ఎక్కడ ఉందో తేల్చే అధికారం ఇకపై దోమలకు లేదు. ఈ వర్షాకాలం నుంచి ఆ బాధ్యతను హద్దుల నిర్ధారణ విభాగం స్వీకరించింది. (అభ్యంతరాలకు వారం గడువు ఇచ్చారు. దోమల తరఫున ఎవరూ రాలేదు.)

నిబంధన సులువు. పటంలో ఎరుపు పడ్డ ప్రాంతానికి డాక్టర్లతో క్యాంపు వస్తుంది. ఆకుపచ్చ పడితే అభినందన పత్రం వస్తుంది. అశ్వారావుపేట అవతల, అడవి అంచున ఉన్న దేవ్లాతండాలో తొంభై మంది జ్వరంతో పడుకొని ఏ రంగు పడుతుందా అని చూస్తున్నారు.

ప్రత్యేక హద్దుల అధికారి వెంకటరామారావు గారు స్వయంగా వచ్చి, వీరన్న ఇంటి ముందు నులకమంచం మీద ల్యాప్‌టాప్ తెరిచారు. పక్క మంచం మీద వీరన్న భార్య బాలి రెండు దుప్పట్ల కింద వణుకుతోంది.

తండా వరకే గీత గీస్తే ఎరుపు వచ్చింది. అధికారి ముఖం చిట్లించారు.

"ఐదు వందల మందికి తక్కువుంటే లెక్క నిలబడదయ్యా. మీరెంతమంది?"

"నూట డెబ్బై, సార్."

"కొంచెం పెరగరాదూ?"

"జ్వరం తగ్గనియ్యండ్రి సార్, చూద్దాం," అన్నాడు వీరన్న.

"సిగ్గు లేదు నీకు," అంది దుప్పటి.

మండలంతో కలిపి గీస్తే నారింజ. పిన్‌కోడ్‌తో కలిపితే పసుపు. మోచెయ్యి గోక్కుంటూ తలెత్తిన అధికారికి అప్పుడు అడవి కనిపించింది. నూట ఎనభై చదరపు కిలోమీటర్లు. మనుషుల్లేరు, కనుక జ్వరాలూ లేవు. (ఎలుగుబంట్లు సర్వేకు సహకరించలేదు.) దాన్ని తండాలో కలిపేసి, ఈసారి మనుషుల్ని వదిలి నేలను బట్టి లెక్క కట్టారు. చదరపు కిలోమీటరుకు అర జ్వరం. విభాగం నియమావళిలో అర జ్వరాన్ని నలత అంటారు.

పటం పచ్చబడింది.

"అంటే చల్లల నీళ్లు పోసినట్టు మా జ్వరాన్ని అడివంత కలిపిండ్రు," అంది బాలి. "మరి నా ఒంట్ల పల్చగయితలేదేంది సార్?"

"ఒళ్లు మా పరిధిలోకి రాదమ్మా," అని ఆయన వీరన్న చేతిలో అభినందన పత్రం పెట్టి, మళ్లీ మోచెయ్యి గోక్కుంటూ జీపెక్కారు.

వారం తిరక్కుండా టౌన్‌లో ఆయనకే జ్వరం వచ్చింది. విభాగం వెంటనే ఆయన ఇంటి ప్రహరీ గోడ వెంట ఒక గీత గీసింది. (ఐదు వందల నిబంధన అధికారుల నివాసాలకు వర్తించదని ఆ ఉదయమే సవరణ వెలువడింది.) ఎరుపు. మధ్యాహ్నానికల్లా గేటు ముందు టెంటు, ఇద్దరు డాక్టర్లు, మందుల వ్యాను.

సంగతి తెలిసి వీరన్న బాలిని ఆటోలో అక్కడికే తీసుకొచ్చాడు. నర్సు హేమలత థర్మామీటర్ పెట్టింది. నూట మూడు. ఊరి పేరు అడిగి ట్యాబ్‌లో పటం చూసింది.

"మీ దగ్గర జ్వరం లేదే?"

"అవ్, మాకు పత్రం గూడ ఇచ్చిండ్రు," అన్నాడు వీరన్న.

హేమలత పటాన్నీ థర్మామీటర్‌నూ మార్చి మార్చి చూసి, తేడా ఉందని పైకి నివేదించింది. విభాగం తక్షణమే స్పందించింది. థర్మామీటర్‌ను రిపేరుకు పంపారు.