దువ్వెనకు మర్యాద

మనిషి జుట్టును ముట్టుకోవాలంటే ముందు ప్రభుత్వాన్ని అడగాలని చట్టం రాసుకున్న రోజునే నాగరికత సంపూర్ణమైంది. అమెరికాలోని ఈ చాండ్లర్ ఊళ్లో మేం ఆ సంపూర్ణతలోనే కాపురముంటున్నాం.

మా ఆయన శ్యామ్‌సుందర్ కార్ల బ్రేకులను ఆడించే చిప్‌లు డిజైన్ చేస్తారు. ఆయనకు ఏ లైసెన్సూ అక్కర్లేదు. నేను ఒకరి కనుబొమ్మ దాకా వెళ్లాలంటే మాత్రం సౌందర్య మండలి వారి పరీక్ష పాసవ్వాలి. (బ్రేకు ఫెయిలైతే మనిషి పోతాడు. కనుబొమ్మ ఫెయిలైతే మనిషి ఉంటాడు, రివ్యూ రాస్తాడు. మండలి వారి ముందుచూపు అది.)

ఐటీ ఉద్యోగం పోయాక ఈ పరీక్షకు దిగాను. పరీక్ష దగ్గరపడగానే స్నేహితురాలు రష్మి తన సెలూన్‌లో నాకోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచింది.

"రేణక్కా, లైసెన్స్ రాగానే జాయిన్ అయిపో. మంత్ ఎండ్ దాకా హోల్డ్ చేస్తా. ఆ తర్వాత నా వల్ల కాదు."

ఆ కుర్చీ తప్ప నాకింకేమీ కనిపించలేదు. అప్పటికే బ్యూటీషియన్లను తయారుచేసే కాస్మెటాలజీ స్కూల్లో, ప్రాక్టీసుకిచ్చిన ఒక రబ్బరు తలకాయతో ఏడాదికి పైగా సహజీవనం చేశాను. థియరీలో నాకు తిరుగులేదు. ఎంసెట్ రాసిన ప్రాణం. గోరు గురించి గోరుకే తెలియనివి బట్టీ పట్టాను. స్కూల్ ఫస్ట్ వచ్చాను. ఇంట్లో ఎవరూ అడగకపోయినా రోజూ గుర్తు చేశాను.

ఇక ప్రాక్టికల్. ఎగ్జామినర్ మిసెస్ హార్‌గ్రోవ్ అట్ట పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. పనిముట్టు కిందపడితే "కలుషితం" అని పైకి ప్రకటించి, సంచిలో వేసి, చేతులు శుద్ధి చేసుకుని, కొత్తది తీయాలి. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

దువ్వెన జారింది. నా కాలికి తగిలింది. వంగి తీసి, రెండు కళ్లకూ అద్దుకున్నాను.

(బుర్ర స్కూల్లో చదివింది. చెయ్యి మా అమ్మ దగ్గర చదివింది.)

"వాట్ వాజ్ దట్?" అన్నారావిడ.

"రెస్పెక్ట్, మేడమ్."

"ఫర్ హూమ్?"

"ఫర్ ద కోమ్."

ఆవిడ చాలాసేపు రాశారు. ఫలితం సాయంత్రానికే వచ్చింది: "కలుషిత పరికరాన్ని అభ్యర్థి స్వచ్ఛందంగా కంటికి తాకించుకున్నారు. రెండు కళ్లు." మళ్లీ పరీక్ష వచ్చే నెలాఖరుకు.

"అమ్మా, ఫ్లోర్ మీద కోమ్‌ని కళ్లకి పెట్టుకున్నావా? గ్రాస్! లైక్, వై?" అంది మా అమ్మాయి రియా.

"సారీ చెప్పింది నాన్నా, దానికి," అన్నారు మా ఆయన. ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు కాలు తగిలినా దండం పెట్టే మనిషి.

ఆ నెలాఖరునే రష్మి ఫోన్ చేసింది.

"సారీ అక్కా, కుర్చీ నిధికిచ్చేశా. తనకి లైసెన్స్ ఉంది కదా. కానీ..." గొంతు తగ్గించింది. "థ్రెడింగ్ రాదక్కా. పెళ్లికూతురి జడ అసలే రాదు. నువ్వొచ్చి కొంచెం నేర్పించవా?"

"లైసెన్స్ లేకుండానా?"

"ముట్టుకుంటేనే లైసెన్స్. నోటితో చెప్తే ఎందుకు?"

ఇప్పుడు రోజూ వెళ్తున్నాను. కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడి, దారం ఎటు లాగాలో నిధికి చెబుతున్నాను. లైసెన్స్ లేని మనిషి సెలూన్‌లో ఊరికే నిలబడకూడదని కూడా నిబంధన ఉంది కనుక, రష్మి నాకొక బ్యాడ్జి చేయించింది. దాని మీద స్పష్టంగా ఉంది: "రేణు. ట్రైనీ. శిక్షకురాలు: నిధి."