ఈతకు చాలని నీళ్లు

వరుణ ఎన్‌క్లేవ్‌లో వరద లేదని కార్పొరేటర్ అంతయ్యగారు పత్రికలవారికి ప్రకటించారు. ప్రకటించేటప్పుడు ఆయన ట్రాక్టర్ ట్రాలీలో నిలబడి ఉన్నారు. పత్రికలవారూ అందులోనే ఉన్నారు, దిగితే కెమెరాలు తడుస్తాయని.

"నీళ్లున్నయ్. లేవని నేనంటలేను. కాని వరద అనేది వేరే సబ్జెక్టు. దానిమీద ఎక్స్‌పర్ట్ మాట్లాడాలె."

ఆ ఎక్స్‌పర్ట్ భానుమూర్తి. ఇరవయ్యేళ్ల క్రితం బటర్‌ఫ్లై ఈతలో స్టేట్ ఛాంపియన్, ఆ తర్వాత బిజినెస్‌మన్. తన గురించి ఆయనకు అపోహలేమీ లేవు. నీళ్లలో ఈదిన దూరమంతా కలిపితే ఎల్బీనగర్ నుంచి బెజవాడ చేరేవాడు. వ్యాపారంలో మాత్రం ఊరి పొలిమేరలోని పెద్ద అంబర్‌పేట్ దాటలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఈత కళ్లద్దాల షాపు పెడితే, ఉల్లిపాయలు తరగడానికని ఇద్దరాడవాళ్లు కొన్నారు. అందులో ఒకరు ఆయన భార్య సూర్యప్రభ. ఆవిడ డిస్కౌంటు కూడా అడిగింది.

తర్వాత ఈత కోచింగ్ సెంటర్ తెరిచాడు. పూల్ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో అదొక లోపమని ఎవరికీ తోచలేదు. మెటీరియల్ ఇస్తారా, వీక్లీ టెస్టులున్నాయా అని మాత్రం అడిగారు. బెంచీల మీద బోర్లా పడుకోబెట్టి నేర్పాడు. తొంభై రెండు శాతం తెచ్చుకున్న కుర్రాడొకడు ఎక్కడో నిజం నీళ్లలో దిగాడు. వాణ్ణి జుట్టు పట్టి పైకి లాగాక, పూల్ కట్టక తప్పదని తేలింది.

ఇదే కాలనీలో తన ఇంటిపక్క ఖాళీ ప్లాటులో పూల్‌కు పర్మిషన్ అడిగి పదకొండు నెలలైంది. ఫైల్ మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో నిద్రపోతోంది. ఆ పర్మిషన్ కూడా రాకపోతే బావమరిది టైల్స్ షాపులో కూర్చోవాలి, బావమరిది చెప్పిన చోట.

"భానూ సాబ్, జర ఈది చూపియ్యున్రి," అన్నారు అంతయ్యగారు.

"ఎక్కడండీ?"

"గీడనే."

భానుమూర్తి రోడ్డు మీదకు దిగాడు. నీళ్లు తొడలదాకా ఉన్నాయి. ఛాంపియన్ లెవెల్లో రెండు చేతులూ విసిరి దూకాడు. మోకాలు స్పీడ్‌బ్రేకర్‌కు తగిలింది. లేచి నిలబడ్డాడు.

"రావట్లేదండీ."

"చూసిన్రా? స్టేట్ ఛాంపియన్‌కే ఈత ఒస్తలేదు. ఇగ వరద ఏడిది?"

కాగితం ముందే టైపు చేసి ఉంది: 'ఈ కాలనీలో ఈతకు సరిపడా నీరు లేదని ధ్రువీకరించడమైనది.'

"మరి నా ఫైలండీ..."

"సంతకం పెట్టు. పదిరోజులల్ల ఆర్డర్ నీ ఇంటికే ఒస్తది."

భానుమూర్తి తన ఇంటివైపు చూశాడు. డాబా మీద సూర్యప్రభ బియ్యం బస్తా మీద కూర్చుని ఉంది. చూపు తిప్పుకుని సంతకం పెట్టాడు. పేరు కింద 'స్టేట్ ఛాంపియన్' అని కూడా రాశాడు. ఆ ముక్క ఎవరికైనా పనికొచ్చి చాలా ఏళ్లయింది.

ఇంటికొచ్చాక సూర్యప్రభ అడిగింది.

"మనింట్లో నీళ్లు లేవని రాసిచ్చారట?"

"ఈతకి చాలవని రాశాను."

"వంటకి ఎక్కువయ్యాయి. అది కూడా ఓ ముక్క రాయాల్సింది."

మర్నాడు 'వరద లేదు: ఛాంపియన్' అని పేపర్లో ఫొటోతో పడింది. లేని వరదకు పడవలెందుకని అధికారులు పంపలేదు. పాల ప్యాకెట్లూ పంపలేదు. కాలనీవాళ్లు భానుమూర్తితో మాట్లాడడం మానేశారు. అది సబబేననిపించింది ఆయనకు. తనతో తను మాట్లాడడమే కష్టంగా ఉంది.

అంతయ్యగారు మాట మీద నిలబడే మనిషి. సరిగ్గా పదోరోజు ఆర్డర్ వచ్చింది. ఆ పొద్దున మళ్లీ వాన దంచింది. సర్కిల్ ఆఫీసు అటెండర్ సైదులు, కవరు నెత్తిమీద పట్టుకుని, నడుం లోతు నీళ్లలో నడిచొచ్చాడు. సూర్యప్రభ చెయ్యిచ్చి మెట్లమీదకు లాగింది.

భానుమూర్తి కవరు చించి పైకే చదివాడు.

'మీ స్విమ్మింగ్ పూల్ దరఖాస్తు పరిశీలించడమైనది. సదరు కాలనీలో ఈతకు సరిపడా నీరు లేదని నిపుణులు ధ్రువీకరించినందున తిరస్కరించడమైనది. నిపుణుల పత్రం నకలు జతచేయడమైనది.'

సూర్యప్రభ ఆ నకలు తీసుకుని తిప్పి చూసింది. "సంతకం మాత్రం బావుందండీ."

సైదులు చొక్కా లోపలినుంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన రిజిస్టర్ తీశాడు.

"ముట్టినట్టు గీడ సంతకం పెట్టున్రి సార్. జల్ది. నీళ్లు పెరుగుతున్నయ్, నాకు ఈత రాదు."