కాదనడం తెలియని యాంటీబాడీ

శాస్త్ర పరిశోధన వర్ధిల్లాలంటే కావలసింది నిజం చెప్పే యాంటీబాడీ కాదు, మర్యాద తెలిసిన యాంటీబాడీ! ఈ మాట బల్ల గుద్ది చెబుతున్నాను. బల్ల మీద గాజు సీసాలున్నాయి కాబట్టి కాస్త మెల్లగానే గుద్దాననుకోండి.

యాంటీబాడీ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక గుమ్మం, ఆ గుమ్మానికి రకరకాల కాలింగ్ బెల్లులు ఉంటాయనుకోండి. వాటినే రిసెప్టర్లంటారు. ఏ కణానికి ఏ బెల్లు ఉందో కంటికి కనిపించదు. అందుకని ఒక్క ఆ బెల్లునే వెతికి పట్టుకునే యాంటీబాడీని విదేశీ కంపెనీల దగ్గర కొంటాం. రోగి గడ్డలోంచి కోసిన పల్చటి ముక్కను గాజు పలక మీద అతికించి, దాని మీద ఈ మందుచుక్క వేసి, కడిగి, రంగు పోస్తాం. బెల్లు ఉంటే ముక్క కాఫీ రంగుకి తిరుగుతుంది. లేకపోతే తెల్లగా ఉండిపోతుంది.

మీరే చెప్పండి, తెల్లగా ఉండిపోయిన గాజు పలకని ఎవరు చూస్తారు? ఏ పత్రిక అచ్చు వేస్తుంది? ఏ మేయరుగారు దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు?

మా ఇలోయిలో ఊరి వాళ్ళకి ఫిలిప్పీన్స్ మొత్తం మీద మెత్తటి మాట మనుషులని పేరు. మేం పోట్లాడుకుంటున్నా జోలపాట పాడుతున్నట్టే ఉంటుందని మనీలా వాళ్ళు ఆటపట్టిస్తుంటారు. మేం ఎవరినీ మొహం మీద కాదనం. పెళ్ళికి పిలిస్తే రామని చెప్పం, 'చూస్తాం' అంటాం. ఆ మాట వినగానే పిలిచినవాళ్ళు మా వంతు భోజనం తగ్గించి వండుకుంటారు. ఎవరికీ నొప్పి ఉండదు.

మా పరిశోధన సంస్థలో నేను ఇరవయ్యేళ్ళుగా ఫ్రీజర్ తాళాలు చూసుకుంటున్నాను. ఎన్నో యాంటీబాడీలను చూశాను. వాటిలో హెచ్-పద్దెనిమిది అనే దానికి సాటి లేదు. ఎక్కడో మంచుదేశంలో పుట్టింది గానీ, మా ఫ్రీజర్లో చేరిన వారానికే మా పద్ధతులన్నీ వంటబట్టించుకుంది. దానికి కాదనడం తెలియదు! ఏ ముక్క మీద వేసినా కాఫీ రంగే. ఉందా అంటే ఉంది. ఉన్నట్టుందా అంటే ఉన్నట్టే ఉంది!

మా ల్యాబ్ పెద్ద డాక్టర్ పరేన్యోగారు. ఆవిడ దగ్గరికి ఊళ్ళోని ఆస్పత్రి నుంచి రొమ్ము గడ్డల ముక్కలు వస్తాయి. ఎందుకంటే ఓ కొత్త మందు ప్రయోగానికి వచ్చింది. ఉచితంగా ఇస్తారు. కాకపోతే ఈ బెల్లు ఉన్న గడ్డల మీదే అది పని చేస్తుంది. బెల్లు లేనివాళ్ళకిస్తే మంచినీళ్ళు పోసినట్టే. ఎవరికి ఉందో ఎవరికి లేదో తేల్చే పని మాది.

మేం తేల్చేశాం. అందరికీ ఉంది!

"వందకి వంద!" అన్నారు డాక్టరుగారు మురిసిపోతూ. "చూశావా, ఇది మన ప్రాంతం ఆడవాళ్ళ ప్రత్యేకత. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు."

వెంటనే గేటుకి ఫ్లెక్సీ కట్టారు. మా ఊళ్ళో ఎవరు నర్సు పరీక్ష పాసయినా, ఎవరి అబ్బాయి ఓడలో ఉద్యోగానికి ఎక్కినా ఫ్లెక్సీ కట్టాల్సిందే. దీని మీద డాక్టరుగారి మొహం బస్సు టైరంత వచ్చింది. పక్కన కాఫీ రంగు కణాలు, కింద అభినందనలు చెప్పిన వార్డు పెద్దల మొహాలు వరసగా. తెల్లటి గాజు పలకతో ఇంత వైభవం సాధ్యమా?

బెల్లు ఉందని మేం తేల్చిన ఆ అందరిలో మా కోరింగ్ పిన్ని కూడా ఉంది. సంస్థ ప్రహరీ పక్కన బాచోయ్ అమ్ముతుంది. పంది ఎముకల రసంలో నూడుల్సు, కాలేయం ముక్కలు, పైన కరకరలాడే చర్మం వడియాలు వేసిస్తుంది. మా ల్యాబ్‌లో సగం పీహెచ్‌డీలు ఆవిడ గిన్నెల్లోంచి వచ్చినవే. ఆవిడకి రొమ్ములో గడ్డ. మామూలు కీమో ఇస్తున్నారు. గడ్డ తగ్గుతోంది కూడా. కానీ జుట్టంతా పోయింది, తన చేత్తో వండిన రసం వాసన తనకే గిట్టడం లేదు. అలాంటప్పుడు కొత్త మందన్నారు, ఉచితమన్నారు, వాంతులుండవన్నారు. ఆవిడకి బెల్లు ఉందని మేం చెప్పాం. ప్రయోగం మొదలయ్యే సోమవారం నుంచి కీమో మానేసి అందులో చేరడానికి పేరిచ్చేసింది. ఆ ఆనందంలో మా అందరికీ వడియాలు రెట్టింపు వేస్తోంది.

అంతా ఇంత సుఖంగా ఉంటే జెమరీకి ఏం నొప్పి, చెప్పండి?

జెమరీ నుఫాబ్లె మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న మియగావ్ ఊరి పిల్ల. తెలివైనదే, కానీ పుట్టుకతో వచ్చిన జబ్బొకటి ఉంది. సందేహం! అందరికీ ఉందంటే సంతోషించక, అసలు లేనివాళ్ళ మీద వేస్తే ఈ హెచ్-పద్దెనిమిది ఏమంటుందో చూడాలనుకుంది. కణాల్లోంచి ఆ బెల్లు తయారుచేసే జన్యువునే కత్తిరించేసింది. వాటి మీద చుక్క వేసింది. చక్కటి కాఫీ రంగు!

పలక పట్టుకుని డాక్టరుగారి గదికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను, ఇలాంటి వినోదం వదులుకునే అలవాటు నాకు లేదు.

"మేడం, బెల్లు పీకేసిన కణాలు కూడా రంగు తిరిగాయి."

"సరిగ్గా పీకి ఉండవు అమ్మాయ్."

జెమరీ మళ్ళీ పీకింది. పీకినట్టు జన్యువు చదివించి మరీ చూపించింది.

"అయితే దీని చెల్లెలు బెల్లు ఇంకోటి ఉందన్నమాట," అన్నారు డాక్టరుగారు. కళ్ళు మెరిసిపోయాయి. "కొత్త సంగతి! రాసేద్దాం."

జెమరీ ఊరుకోలేదు. కోరింగ్ పిన్ని దగ్గర పచ్చి పంది కాలేయం ముక్క అడిగి తెచ్చి దాని మీద వేసింది. మనిషి బెల్లుని మాత్రమే పట్టుకుంటుందని సీసా మీద రాసి ఉంది మరి. పంది కాలేయం అంతకన్నా చిక్కటి కాఫీ రంగుకి తిరిగింది. డాక్టరుగారు జీవపరిణామం గురించి అరగంట ఉపన్యసించారు. ఇంకో వ్యాసం! చివరికి ఆ పిల్ల కోడిగుడ్డు తెల్లసొన పూసి వేసింది. అదీ తిరిగింది.

"ఈ గాజు పలకల్లో ఏదో దోషముంది. వేరే కంపెనీవి తెప్పించండి," అని నా వైపు తిరిగారు.

చూశారా! మామూలు యాంటీబాడీ అయితే ఒక్క సమాధానం చెప్పి ఊరుకునేది. మర్యాద తెలిసింది కాబట్టి పంది మీద ఒకటి, చెల్లెలు బెల్లు మీద ఒకటి, ఎన్ని వ్యాసాలకి దారి చూపించిందో! కంపెనీకి రాస్తే వాళ్ళూ ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. మీ కణాలు ఒత్తిడిలో ఉన్నట్టున్నాయి, ఇంకో సీసా కొని ప్రయత్నించండి అన్నారు. మరి వాళ్ళ వెబ్‌సైటులో అన్నీ అయిదు నక్షత్రాలే! రంగు వచ్చినవాళ్ళంతా నక్షత్రాలిచ్చారు. రంగు రానివాళ్ళెవరూ లేరు కదా.

ఇలాంటి సుగుణాన్ని ల్యాబుల్లో దాచుకోవడం దేశద్రోహమని నా అభిప్రాయం. డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలో హెచ్-పద్దెనిమిదిని కూర్చోబెట్టండి, తప్పేవాడుండడు! ఎంబసీ కిటికీ వెనక కూర్చోబెట్టండి, వీసా రానివాడుండడు! అందాల పోటీలో న్యాయనిర్ణేతగా పెట్టండి, మా దేశంలో ఇంటికో కిరీటం ఖాయం! ఓట్ల లెక్కింపులో పెడితే ఓడినవాళ్ళే ఉండరు. ఇక అల్లర్లెక్కడివి?

జెమరీకి ఇవేవీ పట్టలేదు. ఎక్కడో కొరియాలో ఓ ల్యాబ్ వాళ్ళు తయారుచేసిన వేరే యాంటీబాడీ ఉందని తెలుసుకుని, ఉత్తరం రాసి కొంచెం తెప్పించుకుంది. అబ్బ, అదేం మొండిఘటమండీ! బెల్లు పీకేసిన కణాల మీద వేస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. పంది కాలేయం మీద తెలుపు. గుడ్డు మీద తెలుపు. బెల్లు ఉన్న కణాలు దొరికితే తప్ప నోరు విప్పదు. అలాంటి గయ్యాళిని ఎవరు భరిస్తారు? "ఇది పని చెయ్యట్లేదు," అని డాక్టరుగారు ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇదంతా ఆ పిల్ల తన థీసిస్‌లో ఒక అధ్యాయంగా రాసి కూర్చుంది! మా దగ్గర మౌఖిక పరీక్ష రోజున పరీక్షకులకి విద్యార్థే విందు పెట్టాలి. జెమరీ వాళ్ళమ్మ మియగావ్ నుంచి నూడుల్సు, కాల్చిన చేపలు, కొబ్బరి పాయసం మోసుకొచ్చింది. పరీక్షకులు కడుపునిండా తిని, వేళ్ళు తుడుచుకుని, ఎంతో ప్రేమగా ఆ అధ్యాయం తీసెయ్యమన్నారు. తీసేస్తే ఇప్పుడే డిగ్రీ, లేకపోతే ఇంకో ఏడాది.

"చూస్తాను సార్," అంది జెమరీ.

పరీక్షకులంతా మా ఊరివాళ్ళే. అర్థమైపోయింది. ఇంకో ఏడాది రాసిచ్చి, మిగిలిన పాయసం ఇళ్ళకి కట్టించుకుని వెళ్ళిపోయారు.

నేను ఆ పిల్లను వరండాలో పట్టుకుని చీవాట్లు పెట్టాను. "పోయేదేముందే నీకు? ఒక్క అధ్యాయం."

"నాకు పోయేదేం లేదక్కా. కోరింగ్ పిన్నికి పోతుంది. తగ్గిస్తున్న మందు మాన్పించి తగ్గించని మందు పొయ్యబోతున్నాం."

"ఆవిడకి నిజంగానే బెల్లు ఉందేమో?"

"ఉండొచ్చు. మనకి తెలీదు. తెలీకుండా ఉందని చెప్పాం."

మొండితనానికి మొండితనం, నోటికి నోరు. ఇలాంటి పిల్లల వల్లే శాస్త్రం వెనకబడుతోందని నిట్టూర్చి, నా తాళాల గుత్తి తీసుకుని లోపలికొచ్చాను. ఆ పూట పిన్ని వేసిన వడియాలు గిన్నెలోనే వదిలేశాను. ఉప్పు ఎక్కువైనట్టుంది.

కథ ఇక్కడితో ఆగితే నా వాదనకి తిరుగుండేది కాదు. కానీ గురువారం మధ్యాహ్నం డాక్టర్ పరేన్యోగారు తనంతట తానే జెమరీ బల్ల దగ్గరికి వచ్చారు. తలుపు వేశారు. నేను ఫ్రీజర్ వెనక మంచు గీకుతున్నాను, నన్ను చూడలేదు. చేతిలో కొత్త గాజు పలకలున్నాయి.

"అమ్మాయ్, ఇవి కొంచెం చేసిపెట్టాలి. బకోలోద్ ఆస్పత్రి నుంచి వచ్చాయి."

"అలాగే మేడం. హెచ్-పద్దెనిమిదితోనేగా?"

"వద్దు వద్దు!" అన్నారు డాక్టరుగారు. ఇరవయ్యేళ్ళలో ఆవిడ గొంతు అంత గట్టిగా రావడం నేను వినలేదు. వెంటనే తగ్గించుకున్నారు. "నీ దగ్గర ఆ కొరియావాళ్ళది ఉందే... దాంతో చెయ్యి. మా అక్కవి."

జెమరీ చెయ్యి చాపింది. నేనయితే ఏమేం అనేదాన్నో! ఆ పిల్ల పలకలు తీసుకుంది, డబ్బాలోంచి ఇంకో పలక తీసి వాటి పక్కనే పెట్టింది. దాని అంచున కోరింగ్ పిన్ని పేరు రాసి ఉంది. డాక్టరుగారు ఆ పేరు చదివారు. కాదనలేదు.

మర్నాటికి రంగు తేలింది. డాక్టరుగారి అక్కది కాఫీ రంగు, నిజమైన కాఫీ రంగు. ఆవిడకి కొత్త మందు పని చేస్తుంది. డాక్టరుగారు కళ్ళు తుడుచుకుని పడవెక్కి అవతలి దీవిలోని బకోలోద్ వెళ్ళారు. ఆవిడ అక్క బాగుపడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, ఇందులో వెటకారం లేదు.

కోరింగ్ పిన్నిది తెల్లగా ఉండిపోయింది.

జెమరీ ఏప్రన్ కూడా విప్పకుండా ప్రహరీ పక్కకి వెళ్ళింది. నేనూ వెనకే నడిచాను. పిన్ని తలకి గుడ్డ కట్టుకుని రసం కలుపుతోంది.

"పిన్నీ, నీకు ఆ బెల్లు లేదు. సోమవారం ఆ మందుకి పోవద్దు. పాత మందే తీసుకో."

"ఉందన్నారు కదే? డాక్టరమ్మ స్వయంగా చెప్పింది."

"తప్పు చెప్పాం పిన్నీ. మాదే తప్పు."

పిన్ని గరిటె పక్కన పెట్టింది. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. మళ్ళీ ఆ వాంతులు, ఆ సూదులు అన్నీ కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి, స్టూలు మీద కూర్చుండిపోయింది. తలెత్తి మా ఇద్దరినీ చూసింది.

"సరే, నాకు చెప్పారు. నాతోపాటు పేరిచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారే. మీ దగ్గర నూడుల్సు అమ్మనివాళ్ళు. వాళ్ళకెవరు చెప్తారు?"

పాఠకులారా, హెచ్-పద్దెనిమిదిని పొగడడానికి ఈ వ్యాసం మొదలుపెట్టానని మీరు నమ్మి ఉంటే సంతోషం. మా పెద్దలూ నమ్మాలి, అప్పుడే ఇది ఆదివారం పేపర్లో అచ్చవుతుంది. మీలో ఎవరికైనా, మీ ఇంట్లో ఎవరికైనా మా సంస్థ నుంచి 'ఉంది' అని కబురొచ్చి ఉంటే, రేపు పొద్దున ఆస్పత్రికి వెళ్ళేముందు మా వెనక గేటు దగ్గరికి రండి. తాళాలు నా దగ్గరే ఉన్నాయి, జెమరీ లోపలే ఉంటుంది. వేరేదాంతో మళ్ళీ చెయ్యమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. మా డాక్టరుగారు వాళ్ళ అక్క కోసం అడిగారు.